మెడనొప్పికి ఎక్స్‌రేనా, ఎంఆర్‌ఐనా?

బెంగళూరు మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ప్రాంతాల్లో రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే మన తెలుగువారిలో, మెడ పట్టేయగానే ఎంఆర్‌ఐ తీయించుకుందామనుకునేవారు ఉన్నారు.

ఎక్స్‌రే ఖర్చు తక్కువ, నిమిషాల్లో అయిపోతుంది. 7 మెడ పూసల వరుస, వాటి మధ్య తగ్గిన ఎడం, అంచుల్లో పెరిగిన ఎముక మొనలు అందులో తెలుస్తాయి.

పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్, నరం, వెన్నుపాము కనిపించాలంటే ఎంఆర్‌ఐ కావాలి. దానికి రేడియేషన్ కూడా ఉండదు. 5, 6 పూసల మధ్య డిస్క్ జారి 6వ నరాన్ని నొక్కితే బొటనవేలి వైపు, 6, 7 పూసల మధ్య జారి 7వ నరాన్ని నొక్కితే నడిమివేలి వైపు సాధారణంగా తిమ్మిరి వస్తుంది. ఆ ఒత్తిడి ఎక్కడుందో ఎంఆర్‌ఐ చూపగలదు. అయితే ఏ నొప్పీ లేనివారిలోనూ, ముఖ్యంగా 40 దాటాక, డిస్క్ ఉబ్బులు తరచుగా కనిపిస్తాయి కనుక, రిపోర్టు ఒక్కటే చదివి బెంబేలెత్తడం అనవసరం.

దెబ్బ తగలకుండా వచ్చిన ఉత్త మెడనొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది కాబట్టి, నా దృష్టిలో మొదట్లోనే ఈ రెండింటిలో ఏదీ అక్కర్లేదు. చొక్కా బొత్తాలు పెట్టుకునేటప్పుడు వేళ్లు తడబడినా, నడక తూలినా, మూత్రంపై అదుపు తప్పినా వెన్నుపాము నలుగుతోందేమోనని అనుమానించి, ఎక్స్‌రేతో సరిపెట్టుకోక వెంటనే వైద్యుణ్ణి కలిసి ఎంఆర్‌ఐ గురించి అడగాలి. పేస్‌మేకర్ ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.