బుర్రకెక్కిందా, బట్టీయా: ఎఫ్ఎంఆర్ఐ మేలా, ఈఈజీ మేలా?

'చెరువు' అన్న మాట చూపించి, ఇందులో 'ర' ఉందా అని అడిగితే ఒక్క చూపులో "ఉంది" అనేస్తాం. అదే మాట చూపించి, ఇది కంటికి కనిపించేదా, మనసులో ఊహించుకునేదా అని అడిగితే గట్టు, నీళ్లు, తామరాకులు కళ్లముందు మెదులుతాయి. ఇలా చాలా మాటలు చూపించి కాసేపటికి ఏవి గుర్తున్నాయని అడిగితే, రెండో రకం ప్రశ్న వేసినవే ఎక్కువ గుర్తుంటాయి. అర్థం దాకా వెళ్లి ఆలోచించినదే గట్టిగా నిలుస్తుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రైక్, లాక్‌హార్ట్ 1972లో అన్నది ఇదే.

మరి పిల్లలు చదువుతుండగానే ఆ లోతును మెదడులో పట్టుకోవాలంటే ఏది మేలు: మెదడులో ఏ భాగం పనిచేస్తోందో స్కానర్‌తో చూపించే ఎఫ్ఎంఆర్ఐయా, తల మీద నుంచే మెదడు విద్యుత్ తరంగాలను కొలిచే ఈఈజీయా?

మెదడులో ఎక్కడ అన్నది తేల్చాలంటే ఎఫ్ఎంఆర్ఐకే నా ఓటు. 1998లో వాగ్నర్ అనే పరిశోధకుడి బృందం కొందరికి స్కానర్‌లో మాటలు చూపించింది. కొన్నిటికి పెద్దక్షరాలా చిన్నక్షరాలా అని అడిగారు (మన లిపిలో ఆ తేడా లేదు కాబట్టే నేను 'ర' అడిగాను), కొన్నిటికి అర్థం గురించి అడిగారు. అర్థం అడిగినప్పుడు ఎడమవైపు ముందు మెదడు ఎక్కువగా పనిచేసింది. ఇంకో ప్రయోగంలో అన్నిటికీ అర్థమే అడిగారు. తర్వాత గుర్తున్న మాటలకు, చూసిన సమయంలోనే ఆ భాగం ఎక్కువ చురుగ్గా ఉందని తేలింది. కానీ ఎఫ్ఎంఆర్ఐ కొలిచేది రక్తంలో ఆక్సిజన్ మార్పును. అది తారస్థాయికి చేరడానికే అయిదారు సెకన్లు పడుతుంది. పైగా పిల్లవాడు ఇరుకు గొట్టంలో, ఆ మోతలో, కదలకుండా పడుకోవాలి. తరగతి గదికీ దానికీ పోలికే లేదు.

ఈఈజీ టోపీ పెట్టుకుని బెంచీ మీదే కూర్చోవచ్చు. "అమ్మ వేడి అన్నంలో చెప్పులు కలిపింది" అని చదవగానే, ఆ పొసగని మాట దగ్గర సుమారు 400 మిల్లీసెకన్లకు ఒక అల కనిపిస్తుంది. కుటాస్, హిల్‌యార్డ్ 1980లో ఇలాంటి వాక్యాలతోనే దాన్ని పట్టుకున్నారు. న్యూయార్క్‌లో 12 మంది హైస్కూల్ విద్యార్థులను ఒక సెమిస్టర్ పాటు ఇలాగే రికార్డు చేసి, పాఠంలో బాగా లీనమైనప్పుడు వాళ్ల మెదడు తరంగాలు ఒకదానితో ఒకటి ఎక్కువగా కలుస్తాయని 2017లో పరిశోధకులు చెప్పారు. అయితే మెదడు లోపలి భాగాలు దీనికి సరిగా అందవు. రెప్ప వేసినా, దవడ కదిలించినా రికార్డు చెడిపోతుంది.

బడిలో పరిశోధనకైతే ఈఈజీయే మేలు. కానీ లీనమవడం వేరు, లోతుగా నేర్చుకోవడం వేరు. నాకు భయం ఇక్కడే. చైనాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లల శ్రద్ధను కొలవడానికి ఈఈజీ హెడ్‌బ్యాండ్లు పెట్టి, 2019లో విమర్శలు వచ్చాక ఆపేసింది. తలకు పట్టీ కట్టి మార్కులు వేస్తుంటే ఏ పిల్లకైనా టెన్షన్ కాక ఇంకేముంటుంది?

అసలు వాగ్నర్ బృందానికి కూడా ఆధారం తర్వాత పెట్టిన జ్ఞాపక పరీక్షే. అది లేకపోతే స్కాన్‌లో కనిపించిన చురుకుదనం దేనికో చెప్పలేం. ఆ పరీక్ష ఎప్పుడు పెట్టామన్నదీ ముఖ్యమే. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో చూపించారు: అయిదు నిమిషాలకు అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారానికి అడిగితే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్లు వాళ్లను దాటేశారు.

అందుకే టీచర్లకు నేను చెప్పేది రెండు యంత్రాలూ కాదు. బాష్పీభవనం పాఠం చెప్పిన వారానికి, ముందుగా చెప్పకుండా, మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయో, అదే స్టీలు బిందెలో ఎందుకు చల్లబడవో రాయమనండి.