కౌంటీ మొగ్గు తెలియాలంటే ఏ లెక్క మేలు?

2024 నవంబర్‌లో ఓట్లు లెక్కపెట్టే రాత్రి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి మా బావ ఫోన్ చేశాడు. "ఏం బావమరిదీ, మీ లౌడన్‌లో కూడా గాలి మారిందటగా!" అని ఒకటే నవ్వు. టీవీలో మ్యాప్ మాత్రం వర్జీనియాలోని మా లౌడన్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) నీలంగానే, అంటే డెమొక్రాట్ల రంగులోనే చూపిస్తోంది. అలాగని ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ఒక కౌంటీ ఎటు మొగ్గుతోందో చెప్పడానికి అసలు ఏ లెక్క చూడాలన్న పిచ్చి నాకు ఆ రాత్రే పట్టుకుంది.

అన్నిటికన్నా సులువైన దారి మాకు లేదు. వర్జీనియాలోనూ టెక్సస్‌లోనూ ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ పేరు రాయరు. పోనీ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీ ఓట్లు చూద్దామా అంటే మా బావే దానికి అడ్డం. "ఇక్కడ అసలు పోటీ అంతా అక్కడే" అని రిపబ్లికన్ ప్రైమరీలో ఓటేసి వస్తాడు. నవంబర్‌లో ఎవరికి వేస్తాడో మా అక్కకి కూడా చెప్పడు.

ఇక మ్యాప్ రంగు. 2012లో లౌడన్‌లో ఒబామాకి 51.5 శాతం, రామ్నీకి 47 శాతం వచ్చాయి. 2020లో బావ వాళ్ల కాలిన్ కౌంటీలో ట్రంప్‌కి 51.3, బైడెన్‌కి 46.9. మొదటిది బ్లూ (డెమొక్రాట్), రెండోది రెడ్ (రిపబ్లికన్) అన్నారు. నిజానికి రెండూ నడిగీతను ఆనుకునే ఉన్నాయి. రంగుని నమ్మితే ఇంతే.

రంగు కన్నా మెజారిటీ చాలా నయం. 2020లో లౌడన్‌లో బైడెన్ 61.5, ట్రంప్ 36.5. అంటే 25 పాయింట్ల తేడా. 2024కి అది సుమారు 16కి పడిపోయింది. బావ చెప్పిన గాలి ఇదే. కాకపోతే ఆ ఏడాది ఆ గాలి దేశమంతా వీచింది. అందులో మా కౌంటీ వాటా ఎంతో మెజారిటీ ఒక్కటే చూస్తే తెలియదు.

గవర్నర్ ఎన్నికని చూస్తే బుర్ర తిరుగుతుంది. 2008లో ఒబామా దాదాపు 54 శాతంతో లౌడన్‌ని గెలిచాడు. 1964 తర్వాత ఇక్కడ డెమొక్రాట్ గెలవడం అదే మొదలు. సరిగ్గా ఏడాదికి, 2009లో, రిపబ్లికన్ మెక్‌డానెల్‌కి ఇక్కడే 61 శాతం దాకా వచ్చాయి. ఏడాదిలో ఊరు ఊరంతా మనసు మార్చుకుందా? లేదు. గవర్నర్ ఎన్నిక జరిగే బేసి సంవత్సరాల్లో పోలింగ్ తగ్గుతుంది. పైగా వైట్‌హౌస్‌లో ఏ పార్టీ ఉంటే దానికి మొట్టికాయ వేయడం వర్జీనియాకి అలవాటు. 1977 నుంచి ఒక్క 2013లోనే ఈ అలవాటు తప్పింది.

కౌంటీని నడిపే బోర్డు ఎన్నికల ఫలితాలదీ ఇదే తంతు. 2011లో తొమ్మిదికి తొమ్మిది సీట్లూ రిపబ్లికన్లవే, మరుసటి ఏడే ఇదే కౌంటీ ఒబామాని గెలిపించింది. 2019కి వచ్చేసరికి డెమొక్రాట్లు ఆరు సీట్లతో బోర్డుని చేజిక్కించుకున్నారు. ఆ ఓటు వేసేటప్పుడు జనం వెనకవీధిలో లేచే డేటా సెంటర్‌ని, ఆస్తి పన్నుని చూస్తారు, అధ్యక్షుణ్ణి కాదు. ఇల్లు కొనబోయేవాళ్లు అడిగితే మాత్రం నేను బోర్డు సంగతే చూసుకోమంటాను, రోజూ తగిలేది అదే.

మొగ్గు కోసమైతే నాకు నచ్చిన లెక్క వేరే ఉంది. కౌంటీలో వచ్చిన తేడాలోంచి రాష్ట్రంలో వచ్చిన తేడాని తీసేయండి. 2020లో వర్జీనియా మొత్తం మీద బైడెన్ ఆధిక్యం 10 పాయింట్లు. లౌడన్‌లో 25 కాబట్టి మిగిలేది 15. 2021లో స్కూళ్ల గొడవలతో మా కౌంటీ దేశమంతా వార్తల్లోకెక్కింది, లౌడన్ తిరగబడిందన్నారు. ఆ ఏడు గవర్నర్ ఎన్నికలో రిపబ్లికన్ యంగ్‌కిన్ రాష్ట్రాన్ని 2 పాయింట్లతో గెలిచాడు గానీ, లౌడన్‌లో 11 పాయింట్లతో ఓడాడు. రెండూ ఎదురుదిక్కులు కాబట్టి కలిపితే 13. అంటే తిరగబడిందేమీ లేదు, రాష్ట్రంతో పాటు కాస్త ఒరిగిందంతే. 2024లో రాష్ట్రంలో దాదాపు 6, ఇక్కడ 16, మిగిలింది 10. అసలు మార్పు ఇక్కడుంది, దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

ఇదే తూకంలో కాలిన్‌ని వేసి చూశాను. 2012లో రామ్నీ అక్కడ 31 పాయింట్లతో గెలిచాడు, టెక్సస్ మొత్తంలో 16తో. అంటే ఆ కౌంటీ రాష్ట్రం కన్నా 15 పాయింట్లు కుడివైపు, అంటే రిపబ్లికన్ల వైపు ఉంది. 2020లో కాలిన్‌లో ట్రంప్ ఆధిక్యం 4 పైచిలుకు, రాష్ట్రంలో అయిదున్నర. 2024లో రెడ్ మళ్లీ పుంజుకున్నా, కాలిన్‌లో తేడా టెక్సస్ తేడా కన్నా తక్కువే.

"బావా, మీ కౌంటీ టెక్సస్ కన్నా బ్లూ" అన్నాను ఫోన్లో. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఉండు, మీ అక్కకిస్తున్నా" అన్నాడు.