జరిమానా తప్పును బట్టా, సంపాదనను బట్టా?

హెల్మెట్ లేకుండా దొరికితే మన మోటారు వాహనాల చట్టం ప్రకారం (2019 సవరణ, సెక్షన్ 194డి) జరిమానా వెయ్యి రూపాయలు. అడ్డా కూలీకి అది ఆ రోజు సంపాదన మొత్తం. ఖరీదైన బైకున్న కుర్రాడికి ఒక పూట బిర్యానీ బిల్లు.

ఒకే రేటులో సుఖం లేకపోలేదు. ఎంత కట్టాలో ముందే తెలుస్తుంది, బేరాలుండవు. కానీ ఆ రేటు మీద కూడా మనం నిలబడం. 2023 డిసెంబరులో తెలంగాణ పెండింగ్ చలానాలపై టూవీలర్లకు 80 శాతం తగ్గించింది. టైముకు కట్టినవాళ్లే అమాయకులయ్యారు.

ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. మామూలు స్పీడింగ్‌కి వంద పౌండ్లు, లైసెన్సు మీద మూడు పెనాల్టీ పాయింట్లు. అది కాదని కోర్టుకెళ్తే మేజిస్ట్రేట్ మీ వారం ఆదాయం అడుగుతారు. 30 మైళ్ల వేగ పరిమితి ఉన్న రోడ్డులో 40 లోపు వెళ్తే సుమారు అర వారం ఆదాయం, 41 నుంచి 50 అయితే వారం, అది కూడా దాటితే వారంన్నర. మొదట్లోనే తప్పు ఒప్పుకుంటే మూడో వంతు తగ్గుతుంది. ఓడిపోతే కోర్టు ఖర్చులు అదనం. అక్కడున్న మనవాళ్లు వాదించే ముందు ఈ లెక్క వేసుకోవాలి. అయితే స్పీడింగ్ జరిమానాకు పరిమితి వెయ్యి పౌండ్లు, మోటార్‌వే మీదైతే 2,500. అసలు ధనవంతుడు అక్కడ తప్పించుకుంటాడు.

ఫిన్లాండ్‌లో అదీ కుదరదు. వేగ పరిమితిని 20 కిలోమీటర్లకు పైగా దాటితే రోజు ఆదాయాన్ని బట్టి లెక్క. 2023లో 50 ఉన్నచోట 82తో వెళ్లిన ఒక కోటీశ్వరుడికి 1,21,000 యూరోలు పడ్డాయి.

వినడానికి బాగుంది. మన దగ్గర పెడితే? ఫారం 16 ఉన్న ఉద్యోగి పైసాతో సహా కడతాడు, ఆదాయం కాగితం మీద చూపించని వ్యాపారి పేదవాడి రేటుకు బయటపడతాడు. అందుకే నా ఓటు పాయింట్లకు. ఇంగ్లండ్‌లో మూడేళ్లలో పన్నెండు పాయింట్లు చేరితే సాధారణంగా కనీసం ఆరు నెలలు బండి తీయకూడదు. అది ఉన్నవాడికీ లేనివాడికీ ఒకేలా తగులుతుంది. మన 194డిలోనూ వెయ్యి రూపాయల పక్కనే మూడు నెలల లైసెన్సు అనర్హత రాసి ఉంది. చలానా గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ రెండో ముక్క ఎవరి నోటా వినపడదు.