సీటీసీలో "విండోస్ ఫ్రీ" అంటే నమ్మకండి

కంప్యూటర్ షాపులుండే సికింద్రాబాద్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ల్యాప్‌టాప్ కొనడానికి వెళ్ళేవాళ్ళు దయచేసి ఇది చదివి వెళ్ళండి. నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి ముందే నాకు అవమానం జరిగింది. రాత్రంతా నిద్ర పట్టలేదు.

అమ్మాయి బీటెక్ సివిల్. రెండో సెమిస్టర్ మొదలవుతోందని ఫిబ్రవరిలో చీటీ పాడి, ఆ డబ్బుతో కొన్నాం. ఒకే మోడల్ రెండు రేట్లలో ఉంది. విండోస్‌తో 47,500, డాస్‌ది, అంటే విండోస్ లేకుండా వచ్చేది, 43,000. "డాస్‌దే తీసుకోండి సార్, విండోస్ మేం ఫ్రీగా వేసిస్తాం, ఒరిజినలే" అన్నాడు కౌంటర్లో అతను. 4,500 మిగులుతుంది కదా అని సరేనన్నాను. అరగంటలో వేసి చేతికిచ్చాడు. బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నాను. చదవలేదు. ఆ తప్పు నాదే.

పోయిన వారం స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది, మీ విండోస్ లైసెన్స్ గడువు త్వరలో తీరిపోతుందని. డబ్బు పెట్టి కొన్నదానికి గడువేంటో నాకు అర్థం కాలేదు. అమ్మాయి క్లాస్‌మేట్ ఒకబ్బాయి వచ్చి ఏదో కమాండ్ కొట్టి చూపించాడు. చిన్న బాక్స్ తెరుచుకుంది. అందులో వాల్యూమ్ కేఎంఎస్ క్లయింట్ అని ఉంది. పెద్ద ఆఫీసులు తమ సొంత సర్వర్ పెట్టుకుని వందల కంప్యూటర్లకు వాడుకునే లైసెన్స్ అట అది. 180 రోజుల్లోపు ఆ సర్వర్‌తో మళ్ళీ కలవకపోతే ఆ లైసెన్స్ చెల్లకుండా పోతుంది. మా ఇంట్లో సర్వర్ ఎక్కడుంటుంది? మిగిలిన టైమ్ నిమిషాల్లో చూపిస్తోంది. 5 వేల చిల్లర. లెక్కేస్తే మూడున్నర రోజులు.

దానికంటే నన్ను భయపెట్టింది ఇంకోటి. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ విండోస్ సెక్యూరిటీలో ఒక ఫోల్డర్‌ని చెక్ చేయకుండా వదిలేయమని ముందే సెట్ చేసి పెట్టారు. లైసెన్స్ కొనకుండానే విండోస్ నడిచేలా వాళ్ళు వేసిన దొంగ ప్రోగ్రామ్ (యాక్టివేటర్) దొరక్కుండా ఉండటానికి. ఆరు నెలలుగా మా ఆవిడ నెట్ బ్యాంకింగ్ చేస్తున్నది ఆ ల్యాప్‌టాప్‌లోనే. పాస్‌వర్డులన్నీ ఆ రాత్రే మార్చాం.

నిన్న షాపుకి వెళ్ళాం. అతనే ఉన్నాడు. విషయం చెప్పి ఒరిజినల్ అన్నారు కదా అని అడిగాను. నా చేతిలోని బిల్లు లాక్కుని వేలు పెట్టి చూపించాడు. "ఏం రాసుంది ఇక్కడ? డాస్. మేం విండోస్ అమ్మామా మీకు? ఫ్రీగా ఇచ్చినదానికి గ్యారంటీ అడుగుతారేంటి అంకుల్?" అన్నాడు. ఆ ఫ్రీ అన్న మాట చెప్పి అమ్మింది అతనే. ఆ మాటనే తిప్పి నా మొహాన కొట్టాడు. పక్కన నలుగురు కస్టమర్లు చూస్తున్నారు. తర్వాత మా అమ్మాయి వైపు తిరిగి, "ఆరు నెలలకోసారి తీసుకురామ్మా, 500 ఇస్తే మళ్ళీ కొట్టిస్తాం, మీ నాన్నకి అర్థమయ్యేలా చెప్పు" అన్నాడు. అమ్మాయి తల దించుకుని "పద నాన్నా" అంది. బస్సులో ఇంటిదాకా మాట్లాడలేదు. నాకు డబ్బు కంటే అదే ఎక్కువ బాధగా ఉంది.

ఇంటికొచ్చాక ఆ అబ్బాయి చెబితే తెలిసింది. కంపెనీ నుంచి విండోస్‌తో వచ్చే ల్యాప్‌టాప్‌లో కూడా అది ఫ్రీ కాదు. కంపెనీ వాళ్ళు మైక్రోసాఫ్ట్‌కి కట్టిన డబ్బు రేటులోనే కలిసి ఉంటుంది. నేను మిగిలిందనుకున్న 4,500 అదే. కాకపోతే ఆ లైసెన్స్ కీ మదర్‌బోర్డు మీదుండే బయాస్ చిప్‌లోనే ఉంటుంది, ఫార్మాట్ చేసి అదే ఎడిషన్ (హోమ్, ప్రో లాంటివి) వేస్తే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. వేరే ల్యాప్‌టాప్‌కి మాత్రం మార్చుకోలేం, ఆ మదర్‌బోర్డుతోనే పోతుంది. ఇప్పుడు నేను విడిగా కొనాలంటే 10 వేల దగ్గర పడుతుంది.

ప్రస్తుతానికి ఆ అబ్బాయే అంతా చెరిపేసి, విండోస్ బదులు వాడుకునే ఉబుంటు వేశాడు. దానికి నిజంగానే పైసా కట్టక్కర్లేదు, కీ అడగదు, గడువు లేదు. కానీ అమ్మాయికి ల్యాబ్‌లో ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఉంది, అది ఉబుంటులో నేరుగా నడవదు. కాబట్టి ఆ 10 వేలు తప్పేలా లేవు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఈ ఉదయం ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను.

మీరు కొనేటప్పుడు బిల్లు మీద విండోస్ ఏ ఎడిషనో రాయించుకోండి, రాయనంటే బయటికి వచ్చేయండి. ఇప్పటికే కొన్నవాళ్ళు సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ తెరిచి చూడండి. సొంత ల్యాప్‌టాప్‌లో "మీ ఆర్గనైజేషన్ యాక్టివేషన్ సర్వీస్" అని కనిపిస్తే మీకూ ఇదే జరిగింది. అందులో బ్యాంక్ పనులు వెంటనే ఆపేయండి.