గుండె వాల్వ్ మార్చాలంటే: మెకానికలా, టిష్యూనా?

గుండెలో నాలుగు వాల్వులు. రక్తాన్ని వెనక్కి రానీయకుండా ఒకే వైపు పంపే తలుపులన్నమాట. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్లో, వయసు మీదపడో ఒకటి పాడై మార్చాల్సి వస్తే ఈ ప్రశ్న తప్పదు.

మన్నిక: లోహం, కార్బన్‌తో చేసే మెకానికల్ వాల్వ్ 20 ఏళ్లు దాటినా అరగదు. ఆవు లేదా పంది కణజాలంతో చేసే టిష్యూ వాల్వ్ 10-15 ఏళ్లు వస్తుంది, కుర్రాళ్లలో ఇంకా ముందే పాడవుతుంది.

మందులు: అసలు గొడవంతా ఇక్కడే. మెకానికల్ అయితే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వార్ఫరిన్ మాత్ర, దానికి మాటిమాటికీ ఐఎన్ఆర్ పరీక్ష (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేది), పాలకూర తోటకూర మానక్కర్లేదు గానీ ఒక వారం రోజూ తిని ఇంకో వారం ముట్టకపోతే ఐఎన్ఆర్ అటూఇటూ అయిపోతుంది, పన్ను పీకించుకోవాలన్నా ముందే డాక్టర్‌కి చెప్పాలి. టిష్యూకి చాలామందికి ఈ మందు మొదటి కొన్ని నెలలే.

ఖర్చు: వాల్వ్ ధర ఒక్కటే చూడకండి. ఒకదానికి ఎప్పటికీ పరీక్షలు, రెండోదానికి ఎప్పుడో మళ్లీ ఆపరేషన్.

చప్పుడు: మెకానికల్ రాత్రిళ్లు టిక్ టిక్‌మంటుంది, కొందరికి చిరాకు.

50 లోపు వాళ్లకు సాధారణంగా మెకానికల్, 65-70 దాటితే టిష్యూ. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలు మాత్రం డాక్టర్‌తో ముందే మాట్లాడాలి, వార్ఫరిన్ కడుపులో బిడ్డకు హాని చేయొచ్చు కాబట్టి చిన్న వయసైనా టిష్యూకే మొగ్గుతారు చాలామంది. దగ్గర్లో ఐఎన్ఆర్ చేసే ల్యాబే లేకపోతే నేనైతే మెకానికల్‌కి తొందరపడను.