తోబుట్టువులను విడదీయని ఇల్లు

మిషన్ సాయంతో నడిచే ఈ అనాథ పిల్లల ఇంట్లో నాకు బాగా నచ్చింది తోబుట్టువులను కలిపే ఉంచడం. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాల్లోనూ ఈ మాటే ఉంది, ఇక్కడ నిజంగా పాటిస్తున్నారు. పెద్ద హాలులో వరుసగా మంచాలు వేసి పడుకోబెట్టడం లేదు, ఒక్కో ఇంట్లో కొద్దిమంది పిల్లలు, వాళ్లతోనే ఉంటూ పెంచే దంపతులు. ఓ పిల్లాడు తన అల్మరా తలుపు మీద పేరు వంకర అక్షరాలతో తనే రాసుకున్నాడు, లోపల బట్టలన్నీ వాడివే, అందరివీ కలిపేసినవి కాదు. ఇది చిన్న విషయం కాదండీ!

నచ్చనిది ఒకటే, దాతలు వచ్చినప్పుడల్లా పిల్లలను నిలబెట్టి ఫొటోలు తీయడం. దయచేసి ఆపండి. చూసుకునేవాళ్లు తరచూ మారిపోతే పిల్లలు తట్టుకోలేరు కాబట్టి, సాయం చేసేవాళ్లు ఒక్కపూట వచ్చి ముద్దు చేసి వెళ్లే బదులు సిబ్బంది జీతాలకు నెలనెలా ఎంతో కొంత ఇవ్వండి.