పాత ప్యూజోకు 27 అంగుళాల టైర్లు: ఏడేళ్లు, మూడు జతలు

సైకిలు టైర్ల లోకంలో 27 కన్నా 27.5 చిన్నది. కొన్ని 28ల కన్నా 27 పెద్దది. ఈ లెక్క నా బుర్రకెక్కడానికి ఒక జత టైర్ల డబ్బు, ఒక బొటనవేలి గోరు ఖర్చయ్యాయి.

మేముండేది అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో. ఏడేళ్ల క్రితం మా వీధి చివర ఇల్లు ఖాళీ చేస్తున్న పెద్దాయన పాత సామానంతా గరాజు ముందు అమ్మకానికి పెట్టారు. అందులో నీలం రంగు ప్యూజో యూఓ-8 సైకిలు ఒకటి గోడకు ఆనించి ఉంది. 1970ల మొదట్లో అమెరికన్లకు సైకిళ్ల మోజు పట్టుకున్నప్పుడు ఫ్రాన్స్ నుంచి ఓడల్లో దిగిన సరుకు. పది గేర్లు, మాఫాక్ బ్రేకులు, క్రోమియం పూత ఉన్న ఉక్కు రిమ్ములు. నలభై డాలర్లకు ఇచ్చేశారు. టైర్లు మాత్రం నొక్కితే అప్పడాల్లా పెటపెటలాడాయి. "టైర్లు మార్చుకుంటే చాలు" అన్నారాయన.

పాత టైరు పక్కన 27 × 1 1/4 అని ఉంది. దగ్గర్లోని ఒక షాపుకు వెళ్తే అక్కడి కుర్రాడు 700 × 32 జత చేతిలో పెట్టి, రెండూ ఒకటే, కాస్త బిగుతుగా ఎక్కుతుందంతే అన్నాడు. ఆ సాయంత్రం నేలమాళిగలో కూర్చుని రెండు గంటలు కుస్తీ పట్టాను. ఒక ప్లాస్టిక్ లివరు విరిగింది, గోరు లేచింది, టైరు ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? ఆ 700 రకాన్ని 700సీ అంటారు, దాని టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం 622 మిల్లీమీటర్లు. 27కు అది 630. ఎనిమిది మిల్లీమీటర్లంటే వేలి గోరంత అనిపిస్తుంది గానీ, టైరు అంచులో ఉండేది ఉక్కు తీగ, అది సాగదు. ఇంకా నయం, నేను చేసింది ఎక్కని పొరపాటు. 700సీ రిమ్ముకు 27 టైరు తొడిగితే హాయిగా ఎక్కుతుంది, గాలి కొట్టాక ఊడి వస్తుంది. అది రోడ్డు మీద జరిగితే పళ్లు మిగలవు.

కాబట్టి అంగుళాలను నమ్మవద్దు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 32-630 వంటి జంట అంకె ఉంటుంది. మొదటిది వెడల్పు, రెండోది వ్యాసం. ఆ రెండోదే టైరుకు అసలు పేరు. ఇంటర్నెట్‌లో 27 అని వెతికితే కుప్పలుగా వచ్చే 27.5 టైర్లు కొండ సైకిళ్లవి, వాటి వ్యాసం 584. జర్మన్ కంపెనీలు 622నే 28 అంటాయి. తెనాలిలో మా నాన్నగారి నల్ల సైకిలుకు ఉన్న 28 × 1 1/2 టైరుది మరో లెక్క, 635. నా అవస్థ ఫోనులో విన్న మా బావ, "అంగుళమే కదా తేడా, వచ్చేటప్పుడు ఇక్కడి నుంచి రెండు తెస్తాను, మళ్లీ నీ జన్మలో అరగవు" అన్నాడు. నిజానికి తేడా అంగుళం కాదు, ఐదు మిల్లీమీటర్లే. అయినా పనికిరాదని చెబితే ఇప్పటికీ నమ్మడు.

సరైన కొలతతో కొన్న మొదటి జత అన్నిటికన్నా చవకది. పేరు చెప్పను, ఎందుకంటే తప్పులో పెద్ద వాటా నాదే. టైరు మీద గాలి ఒత్తిడి గరిష్ఠం 90 పీఎస్ఐ అని ఉంది కదా అని 90 కొట్టి, సైకిలు వంటింటి గుమ్మం పక్కన పెట్టి పడుకున్నాను. రాత్రి పదకొండున్నరకు ఢామ్మన్న శబ్దం. మా ఆవిడ గ్యాసు పేలిందనుకుని పిల్లను ఎత్తుకుని బయటకు పరుగెత్తింది. చూస్తే వెనక టైరు ఒక పక్క రిమ్ము దాటి బయటికొచ్చి ఉంది, ట్యూబు జానెడు మేర చీలిపోయింది.

కారణం తరువాత అర్థమైంది. ఇప్పటి చాలా రిమ్ముల లోపలి అంచున కొక్కెంలాంటి ఒంపు ఉంటుంది, టైరు అంచును పట్టి ఉంచుతుంది. నా ఉక్కు రిమ్ము గోడలు నిట్టనిలువుగా, నున్నగా ఉన్నాయి. అక్కడ టైరును పట్టి ఉంచేది ఆ తీగ బిగువు ఒక్కటే. టైరు మీద ఉన్న 90 టైరు తట్టుకోగలిగేది, రిమ్ము తట్టుకోగలిగేది కాదు. ఆ రాత్రి నుంచి నేను ఏ టైరుకూ 70 దాటించలేదు, ఏదీ మళ్లీ ఊడలేదు.

రెండో జత ఆ భయంలో కొన్నది. లోపల దళసరి పట్టీ ఉన్న, పంచర్లను అడ్డుకునే టూరింగ్ రకం. మూడు చలికాలాలు నడిచింది. ఈ ఊళ్లో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, వసంతం వచ్చేసరికి ప్రతి వీధీ గుంటలమయం. అందులో రెండే పంచర్లంటే మామూలు విషయం కాదు. కానీ సైకిలు నడుపుతున్నట్టు ఉండేది కాదు, రోలు దొర్లిస్తున్నట్టు ఉండేది. ఇటుకలు పరిచిన పాత వీధుల్లో ప్రతి ఇటుకా మణికట్టుకు లెక్క చెప్పేది. పైగా ఎక్కించాలన్నా విప్పాలన్నా పహిల్వాను కావాలి. రోజూ ఆఫీసుకు వెళ్లడమే పనైతే, తొందర లేకపోతే, అలాంటివే కొనండి. నాకు మాత్రం సైకిలు తీయాలంటేనే బద్ధకం మొదలైంది.

మూడో జత పానారేసర్ పాసెలా, 27 × 1 1/4. జపాన్ కంపెనీ. నాలుగేళ్లుగా ఇదే. పక్కలు తేనె రంగులో ఉండడంతో పాత సైకిలుకు పుట్టుకతో వచ్చిన టైరులా కనిపిస్తుంది. అందానికి మార్కులు వేయనని అనుకునేవాణ్ణి, వేస్తున్నాను. నడుమ దాదాపు నునుపు, అంచుల వైపు గీతలు. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. రెండో జత గంజి పెట్టిన ఖాదీలా ఉంటే ఇది పది ఉతుకులు పడిన పంచెలా మెత్తగా వంగుతుంది. పక్కలు మెత్తనైతే టైరు గుంటను తనలో ఇముడ్చుకుంటుంది, దెబ్బ నడుముదాకా రాదు. నా బరువు 82 కిలోలు. ముందు 60, వెనక 68 కొడతాను. అదే ఇటుక వీధిలో మొదటి రోజు నాకే అనుమానం వచ్చి దిగి, గాలి తగ్గిందేమోనని వేలితో నొక్కి చూశాను.

ఎక్కించే పద్ధతి చెప్పాలి, నిలువు గోడల రిమ్ముకు ఇదే ప్రాణం. టైరు తొడిగాక ముందు 20 మాత్రమే కొట్టండి. రిమ్ము అంచుకు కాస్త పైన టైరు చుట్టూ సన్నటి గీత ఒకటి అచ్చు పోసి ఉంటుంది. చక్రం మెల్లగా తిప్పుతూ ఆ గీతనే చూడండి. ఎక్కడైనా రిమ్ములోకి మునిగినా, లేచి కనిపించినా గాలి తీసేసి, అక్కడ సబ్బునీళ్లు రాసి, బొటనవేళ్లతో సర్దండి. మళ్లీ 20, మళ్లీ తిప్పడం. వాల్వు దగ్గర ట్యూబు టైరు అంచు కింద ఇరుక్కోవడం నాకు ప్రతిసారీ జరుగుతుంది. వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదిలితే సర్దుకుంటుంది. గీత చుట్టూ సమంగా వచ్చాక 40, ఆ తరువాతే మిగతాది. పావుగంట పని.

పోయిన ఏడాది ఈ టైర్లతోనే గ్రేట్ అలెఘేనీ పాసేజ్ మీద పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా వెళ్లాను. పాత రైలుమార్గాల మీద వేసిన 150 మైళ్ల బాట, చాలావరకు సున్నపురాయి పొడి పరిచి ఉంటుంది. మూడు రోజులు. 32 మిల్లీమీటర్ల టైరు ఆ పొడి మీద హాయిగా పోయింది. రెండో రోజు కన్‌ఫ్లూయెన్స్ అనే ఊరు దాటాక వాన పట్టుకుంది. పొడి పిండిముద్దయి టైరుకు పట్టింది, వేగం సగానికి పడిపోయింది. ఆ ముద్దలో ఏ టైరైనా అంతే. 2,392 అడుగుల ఎత్తున, వాననీళ్లు రెండు వైపులకు చీలే తూర్పు జలవిభాజకం దాటి, కంబర్లాండ్ వైపు ఇరవై పైచిలుకు మైళ్లు దిగుడే దిగుడు. అక్కడ నన్ను భయపెట్టింది టైర్లు కాదు, తడిసిన ఉక్కు రిమ్ము మీద పట్టని బ్రేకులు. రెండు మైళ్ల ముందే బ్రేకు పట్టుకోవాలని స్నేహితులు వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధం తక్కువ.

అందుకే చాలామంది 700సీ అల్యూమినియం చక్రాలకు మారమంటారు. బ్రేకు కట్టలు నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాలి, మాఫాక్ బ్రేకులకు ఆ చోటు ఉంది. తడిలో బ్రేకులు మెరుగుపడతాయి, టైర్లు వందల రకాలు దొరుకుతాయి. మరి నేనెందుకు మారలేదంటే, నా ఫ్రేము వెనక చక్రానికి ఇచ్చిన చోటు 120 మిల్లీమీటర్లు, రిమ్ము బ్రేకులుండే ఈ కాలపు రోడ్డు సైకిళ్ల హబ్బులు 130. ఫ్రేము సాగదీయాలి, గేర్లు మార్చాలి. నలభై డాలర్ల సైకిలుకు నాలుగు వందలు పెట్టడం ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలి? రోజూ వానలో తిరిగేవారైతే మారండి, నేను వాన చూసి బయలుదేరే రకం.

టైర్లు దొరకవన్న బెంగ అక్కర్లేదు. కాంటినెంటల్, ష్వాల్బే, కెండా కూడా 630లో చేశాయి. అయితే షాపులో ఒకటో రెండో రకాలకు మించి ఉండవు, ముందే తెప్పించుకోవాలి. ట్యూబుకు మాత్రం ఈ తంటా లేదు. 700 × 28-32 అని రాసి ఉన్న ట్యూబు 27లోనూ సరిపోతుంది, రబ్బరు కాబట్టి సాగుతుంది. రిమ్ము లోపలి పాత రబ్బరు పట్టీ తీసి గుడ్డ పట్టీ వేయండి. స్పోకుల కొసలు పొడిచే పంచర్లు దాంతోనే తగ్గుతాయి.

పాసెలా వెనక టైరు 3,100 మైళ్లకు నడుమ బల్లపరుపైంది, నాలుగేళ్లలో ఐదు పంచర్లు. లెక్క కోసమే చూస్తే రెండో జతే గెలుస్తుంది. నిన్న మళ్లీ పాసెలానే ఒకటి తెప్పించాను. కొత్తది ముందు చక్రానికి, ముందుది వెనక్కి. ముందు టైరు పేలితే మనిషి పడతాడు, వెనకది పేలితే సైకిలు ఆగుతుంది. విప్పిన పాతదాన్ని పారేయలేదు, గరాజులో కొక్కేనికి వేలాడుతోంది. ఎప్పుడైనా అదే రోజుల ష్విన్ సైకిలు కొన్న అబ్బాయి ఒకడు వచ్చి 27.5 టైరు ఎక్కడం లేదంటే, చూపించడానికి ఉంటుంది.